జపాన్‌లో పరిచిన కంబళి

బలసముద్రం చిక్కన్న జపాన్ పోయొచ్చి చెడిపోయాడని మా పక్క ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన్ని చెడగొట్టింది జపానూ కాదు, విమానమూ కాదు. నేను. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు, తెలియనివ్వలేదు ఆ మనిషి. ఇంకా ఎన్నాళ్ళు కడుపులో పెట్టుకోను?

నా పేరు కృష్ణకుమార్, మాది పావగడ పక్క మంగళవాడ. బలసముద్రం దగ్గర సోలార్ పార్కులో ఒక ప్లాంటు ఆఫీసులో ఉద్యోగం. ఊరివాళ్ళ అర్జీలు ఇంగ్లీషులోకి మార్చాలి, కంపెనీ కాగితాలు తెలుగులోనో కన్నడంలోనో చదివి వినిపించాలి. దానికో పెద్ద పేరు పెట్టి మెడలో కార్డు వేశారు గానీ, ఉన్న పని అదే.

చిక్కన్నకు అప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. సెంటు భూమి లేదు. అరవై రెండు గొర్రెలు ఉండేవి. పార్కు వచ్చినప్పుడు భూమి ఉన్నవాళ్ళు కౌలుకు రాసిచ్చి ఏటా ఇంత అని తీసుకుంటున్నారు. చిక్కన్న తాత కాలం నుంచి గొర్రెలు మేసిన బీళ్ళన్నీ కంచె లోపల పడ్డాయి. మేపుకున్నందుకు కౌలు ఎవరిస్తారు? కంచె లోపల ఇంకో విచిత్రం ఉంది. దుమ్ము పోవడానికి ప్యానెళ్ళను ట్యాంకరు నీళ్ళతో కడుగుతారు. ఆ నీళ్ళు కారిన చోటల్లా ఎర్రటి ఎండలో కూడా గడ్డి పచ్చగా లేస్తుంది. కంపెనీ కూలీలను పెట్టి ఆ గడ్డి కోయించి తగలబెడుతుంది. కంచె బయట గొర్రెలు కంప మొదళ్ళు గీక్కుని తింటుంటాయి.

మా ప్లాంటులో ఒక జపాన్ కంపెనీకి వాటా ఉంది. ఏడాదికోసారి వాళ్ళ ఆఫీసరు వచ్చి ఊళ్ళో మీటింగు పెడతాడు. ఆ ఏడు వచ్చిన ముసలాయన పేరు మొరిటా. ఊరివాళ్ళు బోరు అడిగారు, బడికి కాంపౌండు అడిగారు, పిల్లలకు ఉద్యోగాలు అడిగారు. చివర్లో చిక్కన్న లేచాడు.

"గడ్డి కోసేదానికి మీరు కూలి ఇస్తారు. నా గొర్లు ఊరికే కోస్తాయి. మల్ల లోపలికి ఎందుకు రానియ్యరు సారూ?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. మొరిటా పెన్ను ఆపి ఆయన వైపు చాలాసేపు చూశాడు. మూడు నెలలకు కబురు వచ్చింది. జపాన్‌లో ప్యానెళ్ళ కింద సాగు, గొర్రెల మేత చూపించడానికి చిక్కన్నను పది రోజులు పిలిపిస్తున్నారట, తోడుగా నన్ను.

ఆయన పెళ్ళాం భాగీరథమ్మ వేరుశనగ పొడి, నిమ్మకాయ ఊరగాయ, రాగి పిండి మూట కట్టింది. చిక్కన్న మాత్రం ఒక కొత్త నల్ల కంబళి సంచిలో అన్నిటికన్నా అడుగున పెట్టుకున్నాడు. ఎందుకు మామా అంటే, పనుండాది అన్నాడు.

కార్తీక మాసంలో పోయాం. అక్కడ చలి మొదలైంది. విమానం దిగినప్పటి నుంచి ఆయనకు ఒకటే దిగులు: "ఈ దేశంలో దుమ్మంతా యాడికి పోతాదప్పా?" రోడ్డు మీద చెయ్యి రాసి చూసుకున్నాడు. ఒక సందులో బండీ లేదు, మనిషీ లేడు, అయినా ఎర్ర లైటు వెలుగుతోందని ఒక పెద్దామె చేతిసంచీ పట్టుకుని నిలబడి ఉంది. మేమూ ఆమె వెనక నిలబడ్డాం. లైటు మారేదాకా చిక్కన్న ఆమెనే చూస్తున్నాడు. "ఎవరు చూస్తుండారని ఈమె నిలబడింది?" అని అడిగాడు. నాకేం తెలుసు?

రైల్లో గొంతెత్తే మనిషి లేడు. పెట్టె నిండా జనం, ఒక్క మాట లేదు. అందులో చిక్కన్న ఫోను తీసి, బీడులో మందను కేకేసినట్టు, కుంటి గొర్రె మేసిందా లేదా అని భాగీరథమ్మను అడుగుతున్నాడు. జనం తల వంచుకుని తమ మోకాళ్ళు చూసుకున్నారు. వద్దని ఒక్కరూ అనలేదు. సత్రంలో మరుగుదొడ్డికని విడిగా పెట్టిన చెప్పులు వేసుకుని ఆయన నేరుగా భోజనాల గదిలోకి వచ్చేశాడు. ఆ ఇంటామె నవ్వలేదు, చెప్పలేదు. ఆయన కూర్చోగానే చడీచప్పుడు లేకుండా ఆ జత తీసి వేరే జత పెట్టి పోయింది. మన దగ్గరైతే పదిమంది పది రకాలుగా తిట్టి ఉండేవాళ్ళు. తప్పు చేసినవాడికి తప్పని చెప్పకుండా ఇంత మర్యాదగా బతకడం చూసి నాకు ముచ్చటేసింది. అప్పుడే కాస్త భయపడి ఉంటే బాగుండేది.

మూడో రోజు చిక్కన్న తువ్వాలు రైల్లో మరిచిపోయాడు. నూలు తువ్వాలు, అంచు చిరిగింది. పోతే పోయిందన్నాను. మర్నాడు సాయంత్రానికి ఉతికి, మడిచి, కాగితంలో చుట్టి సత్రానికి పంపారు. ఆయన దాన్ని ఒళ్ళో పెట్టుకుని చిరిగిన అంచు తడిమి చూసుకున్నాడు. "చిరిగిన గుడ్డ ఎనక్కి ఇచ్చే మనుషులప్పా వీళ్ళు," అన్నాడు. ఆ రాత్రి నుంచి ఆయన నమ్మకానికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది.

ప్యానెళ్ళ కింద తేయాకు పెంచే ఒక ముసలి రైతు దగ్గరికి తీసుకుపోయారు. ఎనభై దాటిన మనిషి, ఒక్కడే. చుట్టుపక్కల సగం ఇళ్ళకు తాళాలు. ఆయన కత్తెర ఎంత శుభ్రంగా తుడిచి పెట్టుకున్నాడో చూసి చిక్కన్న మెచ్చుకున్నాడు. ఆయన తరవాత ఈ చెట్లు ఎవరు చూస్తారని అడిగాడు. ముసలాయన నవ్వి టీ పోశాడు. ఇంకో కొండ వాలు మీద ఇరవై గొర్రెలు ప్యానెళ్ళ కింద మేస్తున్నాయి. చిక్కన్న వాటి పళ్ళు చూశాడు, గిట్టలెత్తి చూశాడు, ఒకదానికి గిట్ట కుళ్ళడం మొదలైందని చూపిస్తే అక్కడి కాపరి నడుం వంచి దండం పెట్టాడు. తన కర్రతో ప్యానెళ్ళ ఎత్తు కొలిచాడు. వైర్లన్నీ గొట్టాల్లో దూర్చి ఉండటం నాకు చూపించాడు. "మన దగ్గర గూడా ఇట్లే చేస్తే అయిపాయె. ఇంతే గదప్పా?" ఆయన మొహం అంత వెలిగి ఉండటం నేను మళ్ళీ చూడలేదు.

ఇక చివరి రోజు. మొరిటా ఆఫీసు గది. నకానో అని ఒక అమ్మాయి నా ఇంగ్లీషును జపాన్ భాషలోకి మారుస్తోంది. అందరూ వీడ్కోలు మాటలు చెప్పుకున్నాక చిక్కన్న సంచిలోంచి నల్ల కంబళి తీసి, అద్దంలా మెరిసే ఆ బల్ల మీద పరిచాడు. తమలపాకులు విమానాశ్రయంలోనే లాగేసుకున్నారు గనక వక్కలు మాత్రం దాని మీద పెట్టాడు.

మా గొర్రెల కాపర్లలో మాట కాయితం మీద ఉండదు. వలస పోయేముందు మంద పెద్దను ఎంచుకున్నా, ఒకరి గొర్రెలు ఒకరికి వాటాకు మేపమని ఇచ్చుకున్నా, కంబళి పరిచి ఆకూ వక్కా పెట్టి అందిస్తారు. ఇష్టం లేనివాడు చెయ్యి చాపడు, కాస్త పక్కకు జరుగుతాడు. అంతే, ఎవరూ నొచ్చుకోరు. రెండు చేతులా తీసుకున్నాడంటే మాత్రం మాట కుదిరినట్టే, ఇక పంచాయితీ అక్కర్లేదు.

"ఎండాకాలం లోపల మా గొర్లకు గేటు తీయాల," అన్నాడు చిక్కన్న, కంబళి మడిచి అందిస్తూ. "మా పద్నాలుగు మందలు దీని మీద ఉండాయి."

మొరిటా లేచి నిలబడ్డాడు. ఒక్కో మాటకూ తలూపుతూ ఊ కొడుతూ విన్నాడు. రెండు చేతులా కంబళి అందుకుని, నడుం విరిగేలా వంగాడు. ఆయన కళ్ళు తడిశాయి కూడా. ఈ మాటను చాలా బరువైనదిగా తీసుకుంటానన్నాడు.

వరండాలో నకానో నన్ను పక్కకు పిలిచింది. ఇది ఒప్పుకోలు కాదు, ఇక్కడ ఎవరేమిచ్చినా అలా రెండు చేతులా తీసుకుంటారు, తీసుకోకపోతే అవమానం, అని చెప్పింది. ఆయన మంచివాడే, ప్రయత్నిస్తాడు, కానీ ప్రతి విభాగాన్నీ అడగాలి, అందరూ సరేనంటేనే అవుతుంది, ఎంతకాలం పడుతుందో తెలియదు. "దయచేసి ఆయనకు అర్థమయ్యేలా చెప్పండి," అంది.

చెప్పలేదు. కారులో చిక్కన్న నా చెయ్యి పట్టుకుని, "రెండు చేతులా తీసుకున్న్యాడు, చూసినావా?" అన్నాడు. ఊ అన్నాను. విమానంలో చెబుదామనుకున్నాను, నిద్రపోతున్నాడు. బెంగళూరులో దిగాక చెబుదామనుకున్నాను, బస్సు తొందర. ఇవన్నీ సాకులు. ఆయన సంతోషం పాడుచేయడానికి మనసు రాలేదన్నదీ సగమే నిజం. మా ప్లాంటులో నా వల్ల ఒక పెద్ద పని జరిగిందని పదిమందీ అనుకోవాలని నాకూ ఉండింది.

ఊళ్ళో చిక్కన్నకు పూలదండ వేశారు. వారం రోజులు ఆయన అరుగు మీద జపాన్ కథలే. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట, ఎండాకాలానికి గేటు తీస్తారు.

అసలు ముప్పు మాఘంలో వచ్చింది. ఏటా ఆ నెలలో మా కాపర్లు మందలు కలుపుకుని భద్రా కాలువ పక్కకు వలస పోతారు. అక్కడ వరి కోసిన మళ్ళలో మంద నిలిపితే ఎరువు పడుతుందని రైతులు మేతా గింజలూ ఇస్తారు. ఆలస్యంగా పోతే ఆ మళ్ళు వేరేవాళ్ళు పట్టేస్తారు. వలసకు పెద్ద తిమ్మరాయప్ప. ఆయన చిక్కన్న ఇంటికి వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను.

"పోదామా, నిలుద్దామా? ఒకటి చెప్పు చిక్కన్నా."

"నిలవండి. ముసిలోళ్ళను, పిల్లోళ్ళను ఎండలో ఈడ్చుకోని పోయేది ఎందుకు? గేటు తీస్తారు."

తిమ్మరాయప్ప నా వైపు తిరిగాడు. "నువ్వు ఆఫీసోడివి. నిజమేనా కృష్ణా?"

అప్పుడైనా నోరు తెరవాల్సింది. "అడుగుతా ఉండారు పెద్దాయనా, అయితాది," అన్నాను. అవుతుందనే అనుకున్నాను కూడా. అంతకుముందు రోజే మెయిలు పెడితే గంటలో జవాబు వచ్చింది: చర్చిస్తున్నాం, మీ ఓపికకు కృతజ్ఞతలు. పద్నాలుగు మందలూ నిలిచిపోయాయి.

శివరాత్రి దాటింది. ఎండలు ఒకేసారి ముదిరాయి. నేను మెయిలు మీద మెయిలు పెట్టాను, ఫోన్లు చేశాను. ప్రతిసారీ జవాబు మర్యాదగా వచ్చేది. ఇక్కడి మేనేజరును అడిగితే, గొర్రెలు వైర్లు కొరికితే ఎవరిది పూచీ, పైనుంచి కాగితం రానీ అన్నాడు. ఆయన్ని తిట్టి ఏం లాభం?

చిక్కన్న పొద్దున్నే మందను తోలుకుని మెయిన్ గేటు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. గేటు కాసే శివరాజుదీ బలసముద్రమే, వరసకు తమ్ముడు. వాడు ముఖం అటు తిప్పుకునేవాడు. ట్యాంకరు వచ్చి ప్యానెళ్ళు కడిగితే నీళ్ళు కంచె పక్కనే పచ్చగడ్డిలోకి కారేవి. గొర్రెలు ఇనుప జాలీలోకి మూతులు దూర్చి నాలుకలు చాపేవి. ఆఫీసు కిటికీలోంచి నాకది కనబడేది. కిటికీకి కర్టెన్ వేయించుకున్నాను. ఇంతకన్నా సిగ్గులేని పని నా జన్మలో చేయలేదు.

గొర్రెలు పడిపోవడం మొదలైంది. ముందు పిల్లలు, తరవాత సూడి గొర్రెలు. భద్రా పక్కకు ఇద్దరు మనుషుల్ని పంపితే, మళ్ళన్నీ వేరే మందలతో నిండి ఉన్నాయని తిరిగొచ్చారు. అయినా చిక్కన్న మొరిటాను ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. "ఆ మనిషి మాట తప్పడు. ఏదో అడ్డం వచ్చింటాది," అనేవాడు. తిమ్మరాయప్ప తిట్టలేదు, కొట్టలేదు. దారిలో ఎదురైతే చిక్కన్న లేనట్టే దాటిపోయేవాడు. పద్నాలుగు ఇళ్ళవాళ్ళూ అలాగే చేశారు. భాగీరథమ్మ నీళ్ళకు పోతే కొళాయి దగ్గర మాటలు ఆగిపోయేవి.

ఒక మధ్యాహ్నం ఆమె నేరుగా ఆఫీసుకు వచ్చింది. చేతిలో చచ్చిన గొర్రెపిల్ల. నా బల్ల మీద పెట్టింది.

"మీ మామ నాలుగు దినాల నుంచి ముద్ద ముట్టల్యా. ఆ జపానాయప్ప ఏమన్న్యాడో నీకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. నువ్వన్నా నిజం చెప్పు కృష్ణా."

ఆమెతో చెప్పే ధైర్యం లేకపోయింది. ఆ సాయంత్రం చిక్కన్న దగ్గరికి పోయాను. దొడ్లో గొర్రెల మధ్య కూర్చుని ఉన్నాడు. లేవలేని ఒక గొర్రెకు గంజి తాగిస్తున్నాడు. నిలబడే అంతా చెప్పేశాను, నకానో అన్న ప్రతి మాటా. గంజి గిన్నె కింద పెట్టాడు.

"ఎప్పుడు చెప్పింది ఆయమ్మ?"

"ఆ రోజే మామా. గది బయటికి రాంగానే."

"మాఘంలో నువ్వు నోరు తెరిచింటే వలస పోయింటాము."

"అవును మామా."

కర్ర తీసుకుని నన్ను బాదుతాడనుకున్నాను. బాదితే బాగుండును. ఆయన గొర్రె మూతి తువ్వాలుతో తుడిచి అన్నాడు: "ఇంగ ఎవరికీ చెప్పొద్దు. నిలవండని చెప్పింది నా నోరే. నీకు చిన్న పిల్లోళ్ళు ఉండారు, ఉద్యోగం ఉండాది. నిన్ను ఊళ్ళోకి రానియ్యరు." నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు.

తరవాతి సంతకు పద్నాలుగు మందల్లో మిగిలినవన్నీ పావగడకు తోలారు. ఎముకలు లేచిన గొర్రెల్ని కసాయివాళ్ళు ఎంతకడిగితే అంతకు ఇచ్చేశారు. చిక్కన్నవి పంతొమ్మిది మిగిలాయి. వాటిని లారీ ఎక్కిస్తుంటే ఆ కుంటి గొర్రె పలక మీంచి వెనక్కి దూకి ఆయన కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఆయనే మళ్ళీ ఎత్తి లోపల పెట్టాడు. ఇంటికి వచ్చి దొడ్డి తడిక విప్పి పొయ్యి కింద పెట్టమని భాగీరథమ్మకు ఇచ్చాడట. ఆ మర్నాటి నుంచి ప్యానెళ్ళు కడిగే కూలికి పేరు రాయించుకున్నాడు. పేరు రాసుకోవాల్సింది నేనే. రాసుకున్నాను.

ఆషాఢంలో రెండు వానలు పడ్డాయి. ఆ వారమే జపాన్ నుంచి కాగితం వచ్చింది.

పదకొండు ముద్రలున్నాయి దాని మీద. బీమా విభాగం, కరెంటు విభాగం, భద్రతా విభాగం, అప్పులిచ్చినవాళ్ళు, ఒక్కొక్కరూ ఒప్పుకున్నట్టు. వైర్లకు గొట్టాలు వేయడానికి మంజూరు. గొర్రెల మేతకు గేటు తీయడానికి అనుమతి. మొరిటా విడిగా చేత్తో రాసిన చీటీ ఉంది. ఎనిమిది నెలలుగా ప్రతి ఒక్కరి దగ్గరికీ స్వయంగా పోయి ఒప్పించానని, ఆలస్యానికి చిక్కన్న గారిని తలవంచి క్షమాపణ అడుగుతున్నానని. ఆ చీటీ చదివి నేను మరుగుదొడ్లోకి పోయి తలుపేసుకున్నాను. ఎవరిని తిట్టాలో తెలియక గోడకేసి పిడికిలి గుద్దుకున్నాను. పాపం, ఆ మనిషి మాట తప్పలేదు. ఆయన దేశంలో మాట నడిచే దారి అది. మా గొర్రెలు అంత కాలం నిలవలేవని ఆయనకు చెప్పాల్సింది నేను, ఆయన మాటకు అంత కాలం పడుతుందని వీళ్ళకు చెప్పాల్సిందీ నేనే.

మేనేజరు హుషారుగా ఉన్నాడు. ఫోటోలు తీసి జపాన్‌కు పంపాలట. "ఆ చిక్కన్నను పిలిపించు, గొర్రెల్ని తోలుకొచ్చి లోపలికి నడిపించమను," అన్నాడు. గొర్రెలు లేవు సార్ అన్నాను. "ఒక్కరి దగ్గరా లేవా?" లేవన్నాను. సరే, మనిషినైనా పిలిపించు అన్నాడు.

చిక్కన్న ఆరో బ్లాకులో బ్రష్షు పట్టుకుని ప్యానెలు రుద్దుతున్నాడు. కాగితం చదివి వినిపించాను, చీటీ కూడా. మొత్తం విన్నాడు. "చూసినావా, నేను చెప్పలే?" అన్నాడు. అని, బ్రష్షు బకెట్లో పెట్టి, తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. "తిమ్మరాయప్పకు చెప్పు. నేను అబద్ధం చెప్పలేదని చెప్పు." ఇదొక్కటే అడిగాడు నన్ను, ఇన్ని నెలల్లో.

ఫోటోకు బయటి నుంచి లోపలికి నడిచి రమ్మని మేనేజరు చెప్పాడు గనక ఇద్దరం మెయిన్ గేటు బయటికి పోయి నిలబడ్డాం. శివరాజు రెండు తలుపులూ బార్లా తీసి పక్కకు జరిగి నిలబడ్డాడు. వానలకు వరసల మధ్య గడ్డి మోకాలెత్తు లేచి ఉంది, ఇంకా ఎవరూ కోయలేదు. చిక్కన్న దాన్ని చూసి ఆగాడు. వంగి గేటు పక్కన ఒక పరక తుంచి నోట్లో పెట్టుకుని నమిలాడు. తరవాత గేటు దాటి లోపలికి అడుగు పెట్టి, నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ, నాలుక పైకి మడిచి గొర్రెల్ని రమ్మని పిలిచే కూత పెట్టాడు. వెనక్కి తిరిగి చూశాడు.

వెనకాల నేనొక్కణ్ణే ఉన్నాను.